రేడియేటర్‌లో గాలి ఇరుక్కుంటే

ప్రశ్న: నా పాత ఫోర్‌బైఫోర్ జీపుకి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చాను. అప్పటినుంచి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. హీటర్ వేస్తే చల్లగాలే. డాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు. కూలెంట్‌ను తిప్పే పంపు పాడైందా?

జవాబు: పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినవన్నీ లోపల గాలి ఇరుక్కుందని చెప్పే గుర్తులే. నా పాత బండిలోనూ ఇదే జరిగింది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. రేడియేటర్ మూత కంటే హీటర్ గొట్టాలు ఎత్తులో ఉంటే అక్కడే తిష్ఠ వేస్తుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తియ్యండి. ఈ ఒక్క మాట దయచేసి మరవకండి. వేడిమీద తీస్తే మరిగే ద్రవం ముఖాన చిమ్ముతుంది. బండి ముక్కు పైకి ఉండేలా వాలు మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, మూత లేకుండానే ఇంజన్ నడవనివ్వండి. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు వస్తాయి. మట్టం తగ్గినకొద్దీ సగం కూలెంట్, సగం శుద్ధజలం కలిపి పోయండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే కవాటం) చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, కంగారు వద్దు, నింపండి. హీటర్ వేడిగాలి ఇస్తే మూత బిగించండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌లో మట్టం మళ్లీ చూడండి.

ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు) కారుతోందేమో మెకానిక్‌కి చూపించండి. ఒలికిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం పోతుంది. వెంటనే కడిగెయ్యండి.