పుప్పొడికి వంధ్యత్వమా?

ప్రశ్న: నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మొక్కల పెక్టిన్లకూ (కణం గోడల్లో ఉండే పదార్థాలు) ఫెర్టిలిటీకీ ఉన్న సంబంధం మీద తెలుగులో వ్యాసం రాస్తూ 'పురుష వంధ్యత్వం' అన్నాను. వంధ్య అంటే గొడ్రాలు కదా, పుప్పొడికి వంధ్యత్వం ఏమిటని తోటి లెక్చరర్ నవ్వారు. 'సంతానలేమి' అని మార్చాలా? పెక్టిన్‌ను 'బంక' అనవచ్చా?

సమాధానం: నవ్విన వారికి అమరకోశం చూపించండి. వనౌషధి వర్గంలో 'వంధ్యోఽఫలోఽవకేశీ చ' అని ఉంది. వంధ్యం, అఫలం, అవకేశి, ఈ మూడూ కాయని చెట్టుకు పేర్లే. పైగా అక్కడ వంధ్య శబ్దం పుంలింగంలో ఉంది. గొడ్డుటావును 'వంధ్యా' అన్నదీ అమరమే, కానీ వేరే వర్గంలో. మాట ఆడవాళ్ల సొత్తేమీ కాదు, మన వాడుక దాన్ని వాళ్లకు అంటగట్టింది. తెలుగు 'గొడ్డు' కథా అంతే. దానికి 'ఆలు' చేరి, మధ్యలో రుగాగమం (అంటే 'ర' చేరడం) వచ్చి గొడ్డురాలు, గొడ్రాలు అయింది. మగవాడికి అలాంటి మాట పుట్టించాలని ఎవరికీ తోచలేదు! కాబట్టి మీ 'పురుష వంధ్యత్వం' నిక్షేపంలా ఉంది.

'సంతానలేమి' మాత్రం వద్దు. అది దంపతుల సంగతి. (దేవతరువుల్లో ఒకదాని పేరు సంతానం, ఊళ్లలో బోర్డుల మీది 'సంతాన సాఫల్యం'లో ఫలం దాగుంది. మనుషులే చెట్ల దగ్గర అప్పు చేశారన్నమాట.)

అసలు చిక్కు ఇంగ్లీషు మాటతో. ఫెర్టిలిటీ అని వాళ్లు అన్నిటికీ ఒకటే వాడతారు. మనకు నేలకు సారం, చెట్టుకు కాపు, మనిషికి సంతానం. 'ఫలదీకరణ' అంటే బీజాలు కలవడం, ఆ శక్తి కాదు. అందుకని ఏం జరిగిందో చూసి మాట వేయాలి. పుప్పొడి రేణువు కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొన) మీద పడ్డాక గొట్టంలా సాగి అండం దాకా వెళ్లాలి. ఆ గొట్టం కొసన పెక్టిన్ మెత్తగా ఉంటుంది. పక్కలకు వచ్చేసరికి ఒక ఎంజైమ్ దానిలోని మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కల్ని తీసేస్తే, కాల్షియం పట్టుకుని గట్టిపడుతుంది. కొస సాగాలి, పక్కలు నిలవాలి. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ మొక్కలో అలాంటి ఎంజైమ్‌కు సంబంధించిన 'వాన్‌గార్డ్1' అనే జన్యువు దెబ్బతింటే గొట్టం నెమ్మదిస్తుందనీ, మగవైపు ఫలశక్తి బాగా తగ్గుతుందనీ 2005లో తేల్చారు. తగ్గడం వేరు, లేకపోవడం వేరు. ఇక్కడ 'వంధ్యత్వం' అంటే ఎక్కువ చెప్పినట్టు. అదే మొక్కలో 'క్వార్టెట్' అనే జన్యువులు దెబ్బతిన్న రకాల్లో, చుట్టూ ఉన్న పెక్టిన్ కరగక నాలుగేసి రేణువులు అంటుకునే ఉంటాయి, అయినా శుభ్రంగా పనిచేస్తాయి. వాటికి ఆ మాట పొరపాటున కూడా తగలనివ్వకండి.

సామాన్య పాఠకులకు రాసేటప్పుడు నాకైతే 'తాలు పుప్పొడి' అనాలనిపిస్తుంది. గింజ పట్టని వడ్లను రైతు తాలు అంటాడు, ఎండి వట్టిపోయిన రేణువూ అలాంటిదే. ఉమ్మడి కరీంనగర్‌లో హైబ్రిడ్ వరి విత్తనం పండించేవారు ఆడ వరుసలు, మగ వరుసలు అంటారు. ఆడ వరుసల పుప్పొడి పనిచేయదు, అందుకే పూత వేళ తాడు లాగి మగ వరుసల పుప్పొడిని వాటి మీద రాల్చుతారు. ఈ శాస్త్రం పేరు తెలియకుండానే వాళ్లు దానితో బతుకుతున్నారు.

ఇక బంక. తుమ్మబంక చెట్టుకు గాటు పడితే కారేది. పెక్టిన్ కణం గోడలో ఉండేది, కణాన్నీ కణాన్నీ అతికించేది. రెండూ ఒకటి కావు. 1825లో బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గడ్డకట్టడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు తీశాడు. మన 'పేరుకొను' దానికి దగ్గరే, కానీ 'పేరుకుడు పదార్థం' అంటే మీ విద్యార్థులు కూడా నవ్వుతారు. పెక్టిన్ అనే ఉంచండి. మొదటిసారి వచ్చిన చోట, జామ జెల్లీని గడ్డకట్టించేది ఇదే అని ఒక ముక్క చేర్చండి.