ఝీనూ వేడినీటి బుగ్గలకు బయలుదేరే ముందు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

అక్టోబరులో మీ అమ్మను వెంటబెట్టుకుని నేపాల్ వెళ్ళి, ఘోరేపానీ, ఘాంద్రుక్ మీదుగా ఝీనూ దండా వేడినీటి బుగ్గల దాకా నడవాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. ట్రావెల్స్ వారు ఇచ్చిన కార్యక్రమాన్ని కూడా శ్రద్ధగా చూశాను. ఆ దారి నేను నడిచినదే కనుక మొదట చెప్పవలసినది మొదటే చెబుతాను: అందులో నడకకు కేటాయించిన మూడు రాత్రులు మీ ఇద్దరికీ చాలవు. ఐదు రాత్రులు అడుగు, డబ్బు కొంత ఎక్కువైనా సరే. ఖర్చు తగ్గించుకోవాలంటే హోటల్ గదిలోనో, షాపింగులోనో తగ్గించుకోవచ్చు గాని, కొండ మీద రోజులను మాత్రం తగ్గించుకోకూడదు.

దీనికి కారణం ఉంది. మీరు బయలుదేరే పోఖరా పట్టణం ఎత్తు సుమారు 820 మీటర్లు, ఘోరేపానీ ఎత్తు 2,860 మీటర్లు. ఇప్పుడు ఉల్లేరి దాకా జీపు వెళుతుంది కనుక, ఉదయం పోఖరాలో ఫలహారం చేసినవారిని సాయంత్రానికి ఘోరేపానీ చేర్చి, ఒక రోజు కలిసివచ్చిందని చెబుతారు. పల్లపు ప్రాంతం నుంచి బయలుదేరినవారు ఒకే రోజులో 2,750 మీటర్లు దాటి అక్కడే నిద్రపోకూడదని వైద్యుల సలహా. మనమేమో సముద్రపు ఒడ్డున, ఎత్తుకు ఏమాత్రం అలవాటు లేకుండా బతికేవాళ్ళం. అందువల్ల మొదటి రాత్రి ఉల్లేరిలోనో, దానికి కొంచెం పైనున్న బంథాంటిలోనో ఆగి, రెండవ రోజు అడవి దారిలో తీరికగా ఘోరేపానీ చేరండి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వంటివి కనిపిస్తే దాచుకోకుండా గైడుకు చెప్పాలి, అవి తగ్గేవరకు పైకి వెళ్ళకూడదు, ముదిరితే రాత్రయినా సరే కిందికి దిగాలి. మీ అమ్మ రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నది కనుక డాక్టరును ఇప్పుడే కలవండి. ఎవరో వేసుకున్నారని ఎత్తుకు సంబంధించిన మాత్రలను సొంతంగా మొదలుపెట్టవద్దు.

సాధన విషయానికి వస్తే, బీచి రోడ్డు మీద నడక మంచిదే గాని అది చాలదు, ఎందుకంటే ఈ దారి అంతా మెట్లే. తిఖేధుంగా నుంచి ఉల్లేరికి ఎక్కే పాత బాటలో మూడు వేలకు పైగా రాతి మెట్లున్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన కుటుంబం మనది కనుక ఆ అంకె నిన్ను భయపెట్టదు. అయితే తిరుమల నుంచి బస్సులో దిగి వస్తాము, అక్కడ ఆ సౌకర్యం లేదు. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే దిగడం మోకాళ్ళకు పరీక్ష. కనుక వీలైన ఆదివారాలలో షోళింగూరుకో, 365 మెట్ల తిరుత్తణికో వెళ్ళి, వీపున అయిదు కిలోల సంచితో ఎక్కి, మెట్ల మీదుగానే దిగండి. కొత్త బూట్లను ఈ సాధనలోనే కాళ్ళకు అలవాటు చేసుకోవాలి. దిగేటప్పుడు కాలివేళ్ళు బూటు ముందు భాగానికి నొక్కుకుపోతాయి కనుక బయలుదేరే ముందు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, రెండవ రోజుకే బొటనవేలి గోరు నల్లబడి అడుగు వేయలేకపోయినవారిని నేను చూశాను. చేతికర్రలు మీ అమ్మకు రెండు, నీకు కనీసం ఒకటి ఉండాలి.

గైడు గురించి కొంచెం వివరంగా రాస్తాను. విదేశీ పాదయాత్రికులు లైసెన్సు ఉన్న గైడును తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ నిబంధన పెట్టింది. నిబంధన లేకపోయినా నేను అదే చెప్పేదాన్ని. గైడు వేరు, సామాను మోసే పోర్టరు వేరు. ఒకే మనిషితో రెండు పనులూ చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డబ్బు కట్టే ముందు గైడుతో ఒకసారి ఫోనులో మాట్లాడించమని అడుగు. మీ అమ్మతో హిందీలో మాట్లాడగలడా, వయసు పైబడినవారిని ఈ దారిలో ఇంతకు ముందు తీసుకువెళ్ళాడా, ఒంట్లో బాగాలేకపోతే కిందికి ఎలా దింపుతాడు అన్నవి అడిగితే, అతను ఇచ్చే జవాబుల తీరులోనే మనిషి తెలుస్తాడు. పోర్టరుకు సరైన బూట్లు, వెచ్చని కోటు, బీమా ఉన్నాయో లేదో అడగడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఇద్దరి సామాను కలిపి 20 కిలోలు దాటనివ్వవద్దు. నడుస్తున్నప్పుడు మీ అమ్మను ముందు నడవనిచ్చి, ఆమె నడకకు తగినట్టు మిగిలినవారు నడవాలని గైడుతో మొదటి రోజే చెప్పు.

పత్రాల సంగతి త్వరగా ముగిస్తాను. మీ ఇద్దరికీ పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గాని కావాలి, ఆధార్ పనికిరాదు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి ప్రవేశించడానికి అనుమతి పత్రం కావాలి, దానిని ట్రావెల్స్ వారే తీయాలి.

ఖాట్మండులో రెండు రోజులు ఉంచారు, అది సరిపోతుంది. పశుపతినాథ ఆలయానికి ఉదయమే వెళ్ళండి. దక్షిణాది నుంచి వచ్చిన భట్టులు అక్కడ తరతరాలుగా పూజారులుగా ఉంటున్నారు. తోలు వస్తువులు, ఫోటోలు లోపల నిషిద్ధం. బౌద్ధనాథ స్తూపం చుట్టూ మన గుడిలో ప్రదక్షిణ చేసినట్టే కుడివైపుగా తిరగాలి. పక్కనే ఉన్న పాటన్ పట్టణంలో, ఆ లోయవాసులైన నేవారుల చెక్క పనిని, ముఖ్యంగా కిటికీలను, దగ్గరగా నిలబడి చూడండి. 2015 భూకంపంలో కూలిన కట్టడాలను తిరిగి నిలబెట్టిన తీరు కూడా అక్కడ కనిపిస్తుంది. ముక్తినాథ్ కూడా కలుపుకుందామని మీ అమ్మ అంటుందని నాకు తెలుసు. నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటైన ఆ క్షేత్రాన్ని చూడాలన్న కోరిక న్యాయమైనదే, కాని అది 3,700 మీటర్లకు పైన, వేరే లోయలో ఉన్నది. ఈ నడకకు తోకగా తగిలించకుండా, మరొకసారి దాని కోసమే వెళ్ళండి.

ఘోరేపానీ నుంచి తెల్లవారుజామున పూన్ హిల్ ఎక్కితే 8,167 మీటర్ల ధవళగిరి, అన్నపూర్ణ శిఖరాలు తొలి ఎండలో కనిపిస్తాయి. ఆ ఉదయం మీ అమ్మకు తల భారంగా ఉంటే నువ్వు ఒక్కదానివే గైడుతో వెళ్ళిరా. ధవళగిరి ఘోరేపానీ నుంచి కూడా కనిపిస్తుంది, ఆమె నష్టపోయేదేమీ లేదు. మూడవ రాత్రి తాడాపానీ, నాల్గవ రాత్రి ఘాంద్రుక్. ఘాంద్రుక్‌లో మధ్యాహ్నానికే చేరి, ఆ పూట అంతా ఊరికి ఇవ్వండి. గురుంగు జాతివారు నివసించే ఆ ఊరిలో పలకరాతి కప్పుల ఇళ్ళు, చూరుకు వేలాడదీసిన మొక్కజొన్న కంకుల జడలు, రాళ్ళు పరిచిన సన్నని సందులు ఉంటాయి. గోర్ఖా సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగివచ్చిన పెద్దలు అరుగుల మీద కూర్చుని ఉంటారు. పాత గురుంగు ఇంటి సామగ్రిని చూపే చిన్న ప్రదర్శనశాలను తప్పక చూడండి. మనుషులను ఫోటో తీసే ముందు అడగండి. ఎదురుగా కనిపించే మచ్ఛపుచ్ఛ్రే శిఖరాన్ని స్థానికులు పవిత్రంగా భావిస్తారు. 1957లో ఎక్కినవారు కూడా శిఖరాగ్రానికి కొంచెం ముందే ఆగిపోయారు.

భోజనం గురించి బెంగపడవద్దు. అన్నం, పప్పు, కూర ఉండే దాల్‌భాత్ ప్రతి బసలోనూ దొరుకుతుంది, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. ఒక సీసా కందిపొడి, కొంచెం ఆవకాయ చాలు. అందరూ ఒకే వంట చెప్తే వాళ్ళకు ఇంధనం ఆదా అవుతుంది.

ఇక వేడినీటి బుగ్గలు. ఘాంద్రుక్ నుంచి కిమ్రోంగ్ ఖోలా (ఖోలా అంటే ఏరు) దాటి ఝీనూకు వెళ్ళే దారిలో దిగుడూ ఎక్కుడూ రెండూ ఉన్నాయి. బుగ్గలు ఊరిలో లేవు. అక్కడి నుంచి మరో అరగంట అడవిలోకి దిగితే మోదీ ఖోలా ఒడ్డున రాతితో కట్టిన కుంటలు కనిపిస్తాయి. ఆ ప్రాంతంలో హిమాలయాలను చీల్చుకుంటూ మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అనే పెద్ద భ్రంశం, అంటే భూమి పొరలలోని చీలిక, పోతుంది. కొండలలోకి ఇంకిన వాననీరు లోతుకు వెళ్ళి, అక్కడి వేడికి కాగి, ఆ పగుళ్ళ వెంట పైకి వస్తుంది. అగ్నిపర్వతంతో దీనికి సంబంధం లేదు. వానాకాలపు వరదకు కుంటలు ఒక్కోసారి దెబ్బతింటాయి కనుక వాటి పరిస్థితి గైడును ముందే కనుక్కోమను.

చేరిన వెంటనే నీళ్ళలో దిగవద్దు. గదిలో సామాను దించి, మంచినీళ్ళు తాగి, అరగంట కూర్చున్నాక, వెలుతురు ఉండగానే తిరిగి ఎక్కగలిగేలా బయలుదేరండి. సబ్బు వాడవలసి వస్తే బయటి ధారల కింద ఒళ్ళు కడుక్కుని, ఆ తరువాతే కుంటలోకి దిగాలి. లెగ్గింగు, టీషర్టు వేసుకుంటే సరిపోతుంది. పొడి బట్టలు, జారని చెప్పులు తీసుకువెళ్ళండి. మీ అమ్మ పదిహేను నిమిషాలకు మించి ఉండకూడదు. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, దానికి నడక అలసట, ఒంట్లో నీరు తగ్గడం తోడవుతాయి; లేచిన వెంటనే కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. అందుకని గట్టు మీద కాసేపు కూర్చుని, నువ్వు చెయ్యి పట్టుకున్నాకే నిలబడాలి. తల నీళ్ళలో ముంచవద్దు, ముక్కులోకి నీరు పోనివ్వవద్దు, బొబ్బలు చితికి ఉంటే ఆ కాలు బయటే ఉంచాలి. పక్కనే పారే ఏరు మంచు నీరు, ఉధృతమైనది. సరదాకైనా అందులోకి దిగకండి.

మరునాడు పొడవైన వేలాడే వంతెన దాటి, జీపులో పోఖరా చేరవచ్చు. గైడుకు, పోర్టరుకు ఇవ్వదలచుకున్నది ముందు రాత్రే వేరువేరు కవర్లలో పెట్టి, ఎవరిది వారి చేతికే ఇవ్వు.

ఐదు రాత్రులతో మార్చిన కార్యక్రమం వచ్చాక, బయానా కట్టే ముందు నాకు ఒకసారి చూపించు. డాక్టరు ఏమన్నాడో కూడా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ