కొత్త లాప్‌టాప్, పాత పెన్‌డ్రైవ్

ప్రశ్న: అన్నా, నేను మధురవాడలో ఇంజనీరింగ్ సెకండియర్ చదువుతున్నాను. నాన్న అప్పు చేసి లాప్‌టాప్ కొనిపెట్టారు. ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 దాంతోపాటే వచ్చింది. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు లినక్స్ వాడతాం కదా, ఇంట్లోనూ అదే ఉంటే బాగుంటుందని సీనియర్ దగ్గర ఉబుంటు 22.04 వెర్షన్ ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాను. దాంతో ఆన్ చేస్తే వైఫై గుర్తే కనిపించలేదు. ఇన్‌స్టాల్ నొక్కితే ముందు ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ స్టోరేజ్ అమరికని ఆపమంటోంది. ద్వారకానగర్‌లో కొన్న షాపుకి తీసుకెళ్తే "కొత్త మోడళ్లకి లినక్స్ ఎక్కదు, గెలికితే వారంటీ పోతుంది" అన్నారు. నిజమేనా? విండోస్ పోకుండా రెండూ ఉంచుకోవచ్చా? ఏదైనా అయితే నాన్నకి ఏం చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఎక్కుతుంది, రెండూ పక్కపక్కనే ఉంటాయి. వారంటీ సంగతి షాపులో నోటిమాటగా చెప్పింది వదిలేసి, పెట్టెలో వచ్చిన వారంటీ కాగితం తీసి చదువు.

ముందు వైఫై సంగతి. విండోస్‌లో ఏదైనా పరికరం పనిచేయకపోతే కంపెనీ సైట్‌కి వెళ్లి డ్రైవర్ దించుకుంటాం. లినక్స్‌లో అలా కాదు, డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి. అంటే నీ కెర్నెల్ ఎప్పటిదో, అప్పటిదాకా వచ్చిన పరికరాలే దానికి తెలుస్తాయి. మొదట్లో వచ్చిన 22.04లో ఉండేది 5.15 కెర్నెల్, అది 2021 అక్టోబరు నాటిది. మీ సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అదే అయ్యుంటుంది. విండోస్‌లో డివైజ్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద నీ వైఫై కార్డు పేరు చూడు. ఉదాహరణకి మీడియాటెక్ ఎంటీ7925 అని ఉందనుకో, దాని డ్రైవర్ కెర్నెల్‌లోకి వచ్చిందే 6.7తో, ఆ పాత పెన్‌డ్రైవ్‌కి అలాంటి కార్డు ఒకటుందని కూడా తెలియదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టు. ఉబుంటు సొంత సైట్ నుంచి 24.04 దించుకో, అందులోనూ చివర అంకె పెద్దగా ఉన్నదే తీసుకో: మొదటి 24.04లో కెర్నెల్ 6.8 అయితే, 24.04.3లో 6.14. ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసుకో. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, అది గుర్తుపెట్టుకో.

రాశాక వెంటనే ఇన్‌స్టాల్ చేసేయకు. 'ట్రై ఉబుంటు' ఎంచుకుని ఒక గంట ఊరికే వాడి చూడు. వైఫై, శబ్దం, కెమెరా, బ్లూటూత్, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, అన్నీ అక్కడే తేలిపోతాయి, డిస్కు మీద గీత కూడా పడదు. అప్పటికీ వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, నెట్ వచ్చేస్తుంది, మిగతా వెతుకులాట దాంతోనే సాగించవచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు. ఆర్‌ఎస్‌టీ ఆపమంది కదా అని నేరుగా బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లి మార్చేయకు! కొత్త లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కు దానంతటదే తాళం వేసుకుని ఉండొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలియదు. బయోస్‌లో ఏదైనా కదిలిస్తే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. గోపాలపట్నంలో మాకు తెలిసినాయన ఒకరికి ఇలాగే అయింది. ఆ అకౌంట్ షాపులోనే ఎవరో తెరిచి ఇచ్చారట, పాస్‌వర్డ్ ఈయనకి చెప్పనేలేదు. కూతురి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే. రెండు రోజులు ఆ తెర ముందు కూర్చుని ఉన్న మనిషిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ముందు నీ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ చూసి, కాగితం మీద రాసుకో, ఫోన్‌లో ఫొటో తీసుకో. ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైజ్ ఎన్‌క్రిప్షన్, అంటే ఆ తాళం, ఆపు, ఛార్జర్ పెట్టి అది పూర్తయ్యేదాకా ఆగు.

ఆర్‌ఎస్‌టీని ఆపడానికీ ఒక వరస ఉంది. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్ పెట్టు. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి స్టోరేజ్‌ని ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి, అంటే ఉబుంటుకి తెలిసిన మామూలు పద్ధతికి మార్చు (కొన్ని మోడళ్లలో ఆర్‌ఎస్‌టీ బదులు వీఎండీ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి). విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది, ఆ సేఫ్ బూట్ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే మామూలుగా వస్తుంది. సేఫ్ మోడ్‌లో పిన్ తీసుకోకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకో. ఈ వరస తప్పి ముందే బయోస్ మారిస్తే విండోస్ లేవదు. అప్పుడు కంగారుపడి అన్నీ చెరిపేయకు, బయోస్‌లో మళ్లీ పాతదానికి మారిస్తే చాలావరకు లేస్తుంది.

ఉబుంటుకి చోటు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే ఖాళీ చెయ్యి, సీ డ్రైవ్ మీద ష్రింక్ నొక్కి 100 జీబీ విడదీస్తే నీ చదువుకి ధారాళంగా సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ పక్కన అన్నదే ఎంచుకో, 'ఎరేజ్ డిస్క్' జోలికి వెళ్లకు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములతోనే మెషిన్ మొదలయ్యేలా చూసే కాపలా) ఆపమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, ఉబుంటు దాంతోనే నడుస్తుంది. ఎన్‌విడియా లాంటి బయటి డ్రైవర్లు కూడా కావాలంటే మాత్రం ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాతి రీస్టార్ట్‌లో నీలం తెర మీద పది నుంచి అంకెలు తగ్గుతూ వస్తాయి, ఆ లోపే ఏదో ఒక కీ నొక్కి 'ఎన్‌రోల్ ఎంఓకే' (ఆ డ్రైవర్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. టీ తాగొద్దామని లేచి వెళ్లావంటే ఆ పది సెకన్లూ అయిపోతాయి, డ్రైవర్ ఎక్కదు.

రెండూ పెట్టుకున్నాక విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తే అది చెడిపోవడం కాదు. లినక్స్ లోపలి గడియారంలో గ్రీనిచ్ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది. ఉబుంటులో ఒక్క ఆదేశంతో సర్దుకుంటుంది.

ప్రశ్న: సీతమ్మధారలో ఉంటున్న రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి. మనవడు నా లాప్‌టాప్‌లో లినక్స్ పెడతానంటున్నాడు. తెలుగు సరిగా వస్తుందా? నా పాత వ్యాసాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి.

జవాబు: మాస్టారూ, నమస్కారం. యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో అంతటా వాడే తెలుగు, చక్కగా వస్తుంది, ఒత్తులు విడిపోవు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేసుకోవచ్చు. ఫాంట్లకి లోటు లేదు, తెలుగు విజయం ప్యాకేజీ వేయించుకోండి, మన ఉత్తరాంధ్ర పెద్దలు గిడుగు, గురజాడ పేర్ల మీద కూడా అందులో ఫాంట్లున్నాయి. కానీ అను ఫాంట్లు యూనికోడ్ కావు, అక్షరాల స్థానంలో వేరే గుర్తులు దాచుకునే పద్ధతి వాటిది. ఆ ఫైళ్లు ఉన్నవున్నట్టు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకని మీ మనవడిని కాస్త ఆగమనండి. విండోస్ ఉండగానే వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మార్పించి, ప్రతిదీ ఒకసారి మీరే చదివి చూసుకోండి, మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు తప్పుతాయి, అవి మీ కంటికే దొరుకుతాయి.