గుత్తపూసల నెక్లెస్‌లో బంగారమెంత?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి గుత్తపూసల నెక్లెస్ చూశాం. మొత్తం 40 గ్రాములు తూగింది. అందులో బంగారం ఎంతో, నగ తయారీలో పోయే బంగారానికని వేసే తరుగు దేని మీద కడతారో అర్థం కాలేదు. (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: గుత్తపూసల్లో తిరకాసంతా అక్కడే ఉందమ్మా. అంచున గుత్తులుగా వేలాడే ముత్యాలు, మధ్యలో పొదిగిన కెంపులు, పచ్చలు అన్నీ బంగారంతో పాటే కాటాలో తూగుతాయి. అందుకని గ్రాస్ వెయిట్ (మొత్తం బరువు), రాళ్ల బరువు, నెట్ వెయిట్ (రాళ్లు తీసేయగా మిగిలే బంగారం బరువు) మూడూ బిల్లులో విడివిడిగా రాయించండి. రాళ్ల బరువు క్యారెట్లలో రాస్తే అయిదు క్యారెట్లకు ఒక గ్రాము లెక్క. ముత్యాలు, రాళ్లు కలిపి 30 క్యారెట్లయితే 6 గ్రాములు. నెట్ 34. బంగారం ధర ఈ 34కే కట్టాలి.

చాలామంది ఏమరిచేది తరుగు దగ్గర. 12 శాతం తరుగు 34 మీద కడితే 4.08 గ్రాములు, 40 మీద కడితే 4.80. రాళ్లకు ఎలాగూ విడిగా ధర వేస్తారు. వాటి బరువుకి మళ్లీ బంగారం తరుగు ఎందుకివ్వాలి? ఆ 0.72 గ్రాము గట్టిగా అడిగి తీయించండి.

తరువాత నగ వెనక భూతద్దంతో చూడండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 (22 క్యారెట్ల నగ, వెయ్యి పాళ్లలో 916 బంగారం), అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు కోడ్) ఉండాలి. ఈ స్వచ్ఛత ముద్రనే హాల్‌మార్క్ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ ఈ కోడ్ లేకుండా అమ్మకూడదు. కొట్లో ఉండగానే బీఐఎస్ కేర్ యాప్‌లో కోడ్ కొట్టండి. అక్కడ చూపే నగ రకం, స్వచ్ఛత మీ చేతిలోని నగతో సరిపోవాలి. కుందన్, పోల్కీ, జడావు అనే పొదుగుడు పద్ధతుల నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. వాటికి బిల్లే ఆధారం, దాన్ని పారేయకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో కొన్న ముత్యాల దండ మెరుపు తగ్గింది, దారం సాగింది. ఏం చేయాలి? (ఖమ్మం నుంచి)

జవాబు: ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. చెమటలోని ఆమ్లం, సెంటులోని రసాయనాలు దాని పైపొరను దెబ్బతీస్తాయి. పోయిన పొర తిరిగి రాదు, మిగిలినది కాపాడుకోవాలి. సెంటు, పౌడరు అన్నీ అయ్యాకే దండ వేసుకోండి. తీశాక, తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వండి. సబ్బునీళ్లలో నానబెట్టొద్దు, తడిస్తే పట్టుదారం సాగుతుంది.

దారం సాగింది కాబట్టి తెగకముందే మళ్లీ గుచ్చించండి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమనండి. ముత్యాలు ఒకదానికొకటి రాసుకోవు, ఎక్కడైనా తెగినా అన్నీ జారిపోవు. ముడులతో దండ కాస్త పొడవు పెరుగుతుంది కనుక, ఎన్ని అంగుళాలు కావాలో ముందే చెప్పండి. ఇంట్లో మేకుకి వేలాడదీయకుండా పెట్టెలో పరిచి ఉంచండి.