మండల విలేకరిగా చేరాలా, సొంతంగా యూట్యూబ్ ఛానెల్ పెట్టుకోవాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. ఉదయగిరి పక్క ఊరు, డిగ్రీ అయింది, రాయడమంటే ఇష్టం. ఒక పత్రిక వాళ్ళు మండల కంట్రిబ్యూటర్‌గా తీసుకుంటామంటున్నారు, ఐడీ కార్డుకు ఇరవై వేలు డిపాజిట్ కట్టమంటున్నారు. ఇంట్లో వాళ్ళేమో పేపర్ల పని అయిపోయింది, చేతిలో ఫోనుంది కదా, ఛానెల్ పెట్టుకో అంటున్నారు. ఏది మేలు? ఇసుక మీద, భూముల మీద రాస్తే కేసులు పెడతారంట, నిజమేనా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పెడతారు. నా మీద ఒకటి నడుస్తోంది. మిగతా రెండింటికీ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1998లో పెన్నా ఒడ్డున మా మండలానికి కంట్రిబ్యూటర్‌గా చేరాను. ఆఫీసు వాళ్ళు న్యూస్‌ప్రింట్ ముక్కలు కుట్టిన ప్యాడ్ ఇచ్చేవాళ్ళు. ఒక పక్కే రాయాలి, అంచు బాగా వదలాలి, సబ్ ఎడిటర్ దిద్దుబాట్లు ఆ అంచులోనే. సాయంత్రం నాలుగున్నర నెల్లూరు బస్సుకు కవరు అందాలి. పైన ఎర్ర ఇంకుతో 'ప్రెస్ కవర్' అని రాసి డ్రైవర్ చేతికిస్తే అద్దం ముందు పెట్టుకునేవాడు. నెల్లూరు బస్టాండులో ఆఫీసు కుర్రాడు బస్సు బస్సుకూ తిరిగి కవర్లు ఏరుకునేవాడు. బస్సు పోయాక ఊళ్ళో ఏదైనా జరిగితే ఎస్టీడీ బూత్‌కు పరుగు. నెలాఖరున అచ్చయిన మన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, స్కేలుతో కొలిచి లైన్ అకౌంట్ పంపాలి. సెంటీమీటరుకు ఇంత అని కట్టి ఇచ్చేవాళ్ళు. మొదటి నెల నాకు వచ్చింది 430 రూపాయలు.

ఆ డబ్బుకు ఎందుకు చేశావని మా నాయన కూడా అడిగాడు. నేను 1992ని చూసినవాణ్ణి. అప్పుడు జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షర దీపం రాత్రిబళ్ళు నడిచేవి, మా ఊళ్ళో నేనూ ఒక వాలంటీర్ని. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన సంగతి పాఠంగా వచ్చింది. పాఠం అయ్యాక లాంతరు దగ్గర ఎవరో ఒకరు పేపరు గట్టిగా చదివేవాళ్ళు. ఫలానా ఊళ్ళో సారా బండిని అడ్డుకున్నారు, ఫలానా చోట ప్యాకెట్లు తగలబెట్టారు అని వింటూ వింటూ మా అత్తలూ పిన్నులూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం నా కళ్ళముందు ఇంకా ఉంది. వారం తిరక్కుండా వాళ్ళే చీపుర్లు పట్టుకుని అంగడి మీదికి పోయారు. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టి ఉండకపోతే ఒక ఊరి కబురు రోజూ పక్క ఊరికి అచ్చులో చేరేది కాదు. మిగతా పత్రికలూ తర్వాత ఆ దారే పట్టాయి. అంతకు ఎంతో ముందే, వెంకటగిరి జమీందారీ రైతుల గోడు చెప్పడానికి నెల్లూరులో జమీన్ రైతు వారపత్రిక పుట్టింది. మన జిల్లాలో పత్రికంటే ఊళ్ళ మనిషికి పనికొచ్చే వస్తువు. నేను ఆ పనిలోకి వెళ్ళాననే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఫోను వచ్చి మా పని చెడగొట్టిందని మా తోటివాళ్ళు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 2021 నవంబరు పెన్నా వరద నీకు గుర్తుండే ఉంటుంది. పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల డ్యాం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలుకట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. ఆ రాత్రి పదకొండు గంటలప్పుడు మా వైపు వాట్సాప్‌లో ఒక వాయిస్ తిరిగింది. సోమశిల కట్ట తెగింది, అందరూ లేచి పరిగెత్తండి అని. అయిదు నిమిషాల్లో నా ఫోను ఆగకుండా మోగింది. "అన్నా, తెగిందంట గదా, పిల్లల్ని ఎత్తుకుని యాడికి పొయ్యేది?" అని ఒక ఆడమనిషి ఏడుస్తోంది. వర్షంలో గొడ్లను విప్పుకుని రోడ్డెక్కిన వాళ్ళు ఉన్నారు. నాకు తెలిసిన ఇంజనీరుకు ఏడుసార్లు చేస్తే ఎనిమిదోసారి ఎత్తాడు. కట్ట నిలిచే ఉంది, గేట్లన్నీ ఎత్తాం, ఇంత వదులుతున్నాం, లోతట్టు ఊళ్ళ వాళ్ళు మాత్రం కచ్చితంగా ఖాళీ చేయాలి అన్నాడు. రోడ్డు మీదే, గొడుగు కింద, టార్చిలైటు ముఖం మీద వేసుకుని రెండు నిమిషాలు మాట్లాడి నా యూట్యూబ్ ఛానెల్లో పెట్టాను. ఏ ఊళ్ళు కదలాలో, ఏ ఊళ్ళకు భయం లేదో పేరుపేరునా చెప్పాను. గంటలో జనం కొందరు వెనక్కి తిరిగారు. మా పేపరు జిల్లా పేజీ అప్పటికే ప్రెస్సుకు వెళ్ళిపోయింది. ఆ రెండు నిమిషాల మాట పేపరులో వచ్చేసరికి ఒక రోజు దాటింది.

ఇది ఒక పక్క. రెండో పక్క చెప్పడానికి నాకు గొంతు రాదు, అయినా చెప్పాలి.

ఆ మరుసటేడు ఎండాకాలంలో ఒక పిల్లాడు కాలవలో మునిగి పోయాడు. అక్కడున్నవాళ్ళు చెప్పిన పేరు పెట్టి ఫొటోతో సహా ఛానెల్లో వేశాను. పోయింది తమ్ముడు, నేను వేసింది అన్న పేరు. వాళ్ళ నాయన కువైట్‌లో ఉన్నాడు. ఇంట్లో వాళ్ళు ఆయనకు ఎలా చెప్పాలా అని కిందా మీదా పడుతుంటే ఆయన నా వీడియో చూసేశాడు. ఆ తండ్రి ముందు పెద్దకొడుకు కోసం ఏడ్చి, తర్వాత చిన్నకొడుకు కోసం ఏడ్చాడు. ఇరవై నిమిషాల్లో నేను తీసేశాను, ఇంటికి వెళ్ళి వాళ్ళ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తీసేస్తే పోయేది కాదది. అదే పాత రోజుల్లో అయితే డెస్కులో మా సబ్ ఎడిటర్ ఫోన్ చేసేవాడు. వయసెంత, తండ్రి పేరేంటి, పోలీసులు చెప్పారా, ఊళ్ళో వాళ్ళు చెప్పారా, రెండో మనిషిని అడిగావా అని ప్రాణం తీసేవాడు. అప్పుడు విసుక్కునేవాణ్ణి. ఆ మనిషి విలువ ఆ రోజు తెలిసింది.

నాకు అర్థమైనంతలో అసలు పోయింది కాగితం కాదు, మన వెనక నిలబడే ఆ మనిషి. లాక్‌డౌన్‌లో మా పత్రిక జిల్లా అనుబంధం ఆపేసి నాలుగు పేజీలు మెయిన్‌లో కలిపింది. డెస్కులో సగం మందిని ఇళ్ళకు పంపారు. పత్రికల సిబ్బందికి మజీఠియా వేజ్ బోర్డు ఖరారు చేసిన జీతాల మీద 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందని మేమంతా సంబరపడ్డాం కానీ, లైన్ అకౌంట్ కంట్రిబ్యూటర్‌కు దాని గాలి కూడా తగల్లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ లైన్ అకౌంటూ లేదు. యాడ్ టార్గెట్ ఉంది. జనవరి ఒకటికి ఇంత, సంక్రాంతికి ఇంత, ఆగస్టు పదిహేనుకు ఇంత, నాయకుడి పుట్టినరోజుకు ఇంత. మండలంలో యాడ్ ఇవ్వగలిగేది ఎవరు? రొయ్యల గుంటల ఆసామి, క్వారీ ఆయన, ఇసుక కాంట్రాక్టరు, రియల్ ఎస్టేట్ వెంచర్ వేసినాయన. వాళ్ళ దగ్గర జనవరిలో చెక్కు తీసుకుని ఫిబ్రవరిలో వాళ్ళ మీద రాయమంటే ఎవరు రాస్తారు? పత్రికా స్వేచ్ఛ గురించి ఢిల్లీలో మాట్లాడతారు, 2025 ప్రపంచ సూచీలో 180 దేశాల్లో మనది 151వ స్థానమని లెక్క చెప్తారు. మా మండలాల్లో అది ఏ జీవో రాకముందే ఈ టార్గెట్ కాగితం మీద పోయింది. ఈ మాట నేను చాలా కోపంతోనే రాస్తున్నాను.

జీవోలు కూడా వచ్చాయి. 2007లో 938, దానికి కొనసాగింపుగా 2019 అక్టోబరులో 2430. తప్పుడు వార్తలని అనిపిస్తే కేసులు వేసే అధికారం రెండో దాంతో శాఖల కార్యదర్శుల చేతికి వెళ్ళింది. 2019లో టీవీ5, ఏబీఎన్ చాలాచోట్ల కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక టీవీ9, ఎన్టీవీ, సాక్షి, 10 టీవీ వంతు వచ్చింది. ఒకరు ట్రిబ్యునల్‌కు, ఒకరు హైకోర్టుకు వెళ్ళారు. పెద్ద ఛానెల్‌కు లాయర్లుంటారు, వెళ్తుంది. మండలంలో ఒంటరిగా ఫోను పట్టుకుని తిరిగేవాడి సంగతి అది కాదు.

నా కేసు అలాంటిదే. అనుమతి లేని చోట రాత్రిళ్ళు పొక్లెయిన్ పెట్టి ఇసుక తీస్తున్నారని రైతులు వచ్చి చెప్పారు. వాళ్ళ కయ్యలకు నీళ్ళిచ్చే ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసుకలో దించిన తక్కువ లోతు బోర్లు, ఎండిపోతున్నాయి. మూడు రాత్రులు కట్ట మీద కూర్చుని ట్రాక్టర్లు లెక్కపెట్టాను, నంబర్లు రాసుకున్నాను. పేపరుకు పంపితే జిల్లా ఆఫీసు నుంచి మెత్తటి గొంతుతో ఫోను వచ్చింది. "అన్నా, ఈ వారం వద్దులే." ఆ వారం ఎప్పటికీ రాలేదు. నా ఛానెల్లో వేశాను. మూడో రోజు నా వీడియో మీద కాపీరైట్ ఫిర్యాదు పడింది, నేను నా చేత్తో తీసిన వీడియో మీద. పదో రోజు కోటి రూపాయలకు లాయర్ నోటీసు. తర్వాత మెజిస్ట్రేట్ కోర్టులో పరువు నష్టం కంప్లయింట్. అదే నెలలో పేపరు వాళ్ళు, నువ్వు మా వార్త కాదు వేసింది, మాకు సంబంధం లేదు అని కార్డు తీసేసుకున్నారు.

నీకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత ఐపీసీలో 499, 500. రెండేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. కానీ అది పోలీసులు వారంటు లేకుండా వచ్చి పట్టుకుపోయే నేరం కాదు, బెయిలబుల్ కూడా. స్టేషన్‌కు పిలిచి ఇదే సెక్షన్ పేరు చెప్పి రాత్రంతా కూర్చోబెడతామంటే భయపడొద్దు, లాయర్‌ను వెంట తీసుకెళ్ళు. శిక్ష కంటే వాయిదాలే నలిపేస్తాయి. వాయిదా ఉన్న రోజు నా జిరాక్స్ షాపు మూత, బస్సు ఛార్జీలు, లాయరు గుమస్తా ఖర్చు. ఆ మూడు రాత్రుల నోటుపుస్తకం, తేదీ టైము పడిన ఒరిజినల్ వీడియోలు, రైతులు సంతకాలు పెట్టి తహసీల్దారుకు ఇచ్చిన అర్జీ నకలు, అవే ఈరోజు నన్ను నిలబెడుతున్నాయి. ఫోనులో ఎడిట్ చేసిన ముక్క మాత్రమే ఉంచుకుని ఒరిజినల్ చెరిపేసిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాను. వాడు రాజీకి సంతకం పెట్టాడు.

సమాచార హక్కు మీద కూడా ఒక మాట. ఉపాధి హామీ మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, చనిపోయినవాళ్ళ పేర్లు ఈ చట్టంతోనే బయటికి లాగాను. 2023 డేటా రక్షణ చట్టం అందులోని 8(1)(జె)ని మార్చేసింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇమ్మని ఆ సెక్షన్లోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగతం అన్న ఒక్క మాట చాలు తిప్పి పంపడానికి. 8(2) మాత్రం ఇంకా ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని. దరఖాస్తులోనే ఆ సెక్షన్ రాసి, ప్రయోజనం ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఆ ఇరవై వేలు కట్టొద్దు. పేపరు ఇచ్చే ఐడీ కార్డు వేరు, సమాచార శాఖ కమిటీ ఇచ్చే అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు, వేరు. డిపాజిట్ తీసుకుని కార్డు ఇచ్చేవాళ్ళకు కావలసింది నీ రాత కాదు. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ పేపర్లలో కొన్ని ఇలా కార్డులమ్ముకునే బతుకుతున్నాయి, ఆ కార్డు పట్టుకున్న కుర్రాళ్ళు రేషన్ షాపుల చుట్టూ, బడి హెడ్మాస్టర్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆ కుర్రాళ్ళను తిట్టబుద్ధి కాదు నాకు, జీతం ఇవ్వకుండా వీధిలోకి తోసినవాళ్ళను అనాలి.

ఛానెల్ పెట్టుకో, కానీ దాని మీద ఇల్లు గడుస్తుందనుకోకు. యాడ్ల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణం కావాలి. అది దాటాక కూడా మా మండలం వార్తలకు వచ్చేది నా పెట్రోలుకు సరిపోతుంది. వేరే బతుకుదెరువు పెట్టుకుని ఇందులోకి రా. డిపాజిట్ అడగకుండా, రాసిందానికి డబ్బిచ్చి, దిద్దే డెస్కు ఉన్న పత్రిక దొరికితే రెండేళ్ళు అక్కడ చెయ్యి, తిట్లు తిను. దొరక్కపోతే పక్క మండలాల్లో నీలాంటి ఇద్దర్ని వెతుక్కో. ఎవరు వేసేదైనా మిగతా ఇద్దరిలో ఒకరు చదివి, వయసెంత, తండ్రి పేరేంటి అని అడిగాకే వెయ్యండి. మేం నలుగురం రెండేళ్ళుగా అలా చేస్తున్నాం. లాయరు ఫీజు కూడా నలుగురం పంచుకుంటున్నాం.

నా కేసు వాయిదా వచ్చే నెల రెండో వారంలో ఉంది. ముందు రోజు ఇక్కడ తేదీ పెడతాను. పొద్దున పదికల్లా కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటాను, ఫైలు నా చేతిలోనే ఉంటుంది. రా, ఆ నోటుపుస్తకం చూపిస్తాను, ఎలా రాసుకోవాలో తెలుస్తుంది.