పిల్లల పరిరక్షణ ఉద్యోగానికి ఎం.ఎస్.డబ్ల్యు. చదవాలా?

ప్రశ్న: మేము చెన్నైలో, పెరంబూరులో ఉంటాము. మా అమ్మాయి బి.ఎ. సోషియాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. గత వేసవిలో ఒక బాలల గృహంలో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేసింది. అన్నం పారబోశాడని ఒక పిల్లవాణ్ణి గంటసేపు మోకాళ్ల మీద నిలబెట్టడం అక్కడ చూసి, చాలా రోజులు సరిగా నిద్రపోలేదు. అప్పటి నుంచి ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్ పి.జి.) చదివి ఈ రంగంలోనే పనిచేస్తానంటోంది. ఈ ఉద్యోగాలన్నీ కాంట్రాక్టువని, జీతం తక్కువని విన్నాము. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడం లేదు. పిల్లలను చూసుకోవడానికి మంచి మనసు ఉంటే చాలదా? దానికి రెండేళ్ల పి.జి. ఎందుకు?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగతా సందేహాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మనసు మంచిదైతే చాలునన్న నమ్మకం మన సమాజంలోనే కాదు, ఈ వ్యవస్థను నడిపే వారిలో కూడా చాలా కాలంగా ఉంది. పిల్లలకు జరుగుతున్న నష్టంలో కొంత భాగానికి ఆ నమ్మకమే కారణమని నేను అనుకుంటున్నాను.

ఇల్లు విడిచి వచ్చిన బిడ్డ గానీ, హింసకు గురైన బిడ్డ గానీ కనిపిస్తే, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది. ఆ తరువాత ఒక సోషల్ వర్కర్ ఆ బిడ్డతోనూ, కుటుంబంతోనూ, ఇరుగుపొరుగుతోనూ మాట్లాడి, 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక సిద్ధం చేయాలి. బిడ్డను తిరిగి ఇంటికి పంపాలా, బంధువులకు అప్పగించాలా, సంరక్షణ గృహంలో ఉంచాలా అన్నది కమిటీ నాలుగు నెలల్లోగా తేల్చేటప్పుడు ప్రధానంగా చూసేది ఆ కాగితాలనే. గృహంలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మాత్రమే ఎంచుకోవలసిన ఆఖరి మార్గమని చట్టమే చెబుతున్నది. అయితే ఆ దారులు నిజంగా మూసుకుపోయాయో లేదో కనుక్కోవలసింది నివేదిక రాసే మనిషే.

నా దగ్గర సలహా తీసుకుని ఈ రంగంలోకి వెళ్లిన ఒక విద్యార్థిని చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తున్నది. కోస్తా జిల్లాల నుంచి రైలెక్కి వచ్చేసిన ఒక తెలుగు పాప, తాను "మామ్మ" దగ్గరికి వెళ్తానని పదే పదే చెప్పిందట. మామ్మ అంటే నాయనమ్మ అని తెలియని సిబ్బంది దానిని "మామ" అని రాసుకుని, లేని మేనమామ కోసం వారాల తరబడి వెతికించారు. వారెవ్వరూ చెడ్డవారు కారు. పాపకు పాలు, బట్టలు, బొమ్మ అన్నీ ఇచ్చారు. ఆమె ఎవరి గురించి చెబుతున్నదో మరోసారి అడిగి నిర్ధారించుకోవడం, అర్థం కానప్పుడు దుబాసీని పిలవడం మాత్రం వారికి ఎవరూ నేర్పలేదు. బిడ్డను ఎలా అడగాలి, ఎన్నిసార్లకు మించి అడగకూడదు, విన్నదాన్ని మన ఊహ కలపకుండా ఎలా రాయాలి అన్నవి నేర్చుకోవలసిన పనులు. లైంగిక హింస కేసుల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగడం బిడ్డకు రెండవ గాయమవుతుంది, కేసు కూడా బలహీనపడుతుంది.

మరి ప్రభుత్వం ఏ అర్హతలు అడుగుతున్నది? కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్యకు 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి జిల్లాలోనూ ఒక బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. అందులో ప్రొటెక్షన్ ఆఫీసరుకు సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, లా వంటి వాటిలో పి.జి. గానీ, డిగ్రీతో పాటు కొంత అనుభవం గానీ కావాలి. కౌన్సెలరుకు, సోషల్ వర్కరుకు సంబంధిత డిగ్రీ చాలు. ఔట్‌రీచ్ వర్కరుకు ఇంటర్మీడియట్ పాసైతే సరిపోతుంది. నన్ను బాధపెట్టేది ఈ చివరి సంగతే. బిడ్డ ఇంటి గడప తొక్కి, తల్లి ముఖం చూసి, ఒంటి మీది దెబ్బల గుర్తును, ఖాళీ పొయ్యిని ముందుగా గమనించవలసిన మనిషికే అందరికన్నా తక్కువ అర్హత, తక్కువ జీతం, తక్కువ శిక్షణ కేటాయించాము. ఇంటర్ చదివిన వారిని తప్పించాలని నేను అనను. బస్తీలో పుట్టి పెరిగిన వారికి తెలిసినంత పట్టణపు పి.జి.లకు తెలియదు. అయితే వారికి ముందుగా కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, పైన అనుభవజ్ఞురాలైన సూపర్‌వైజరు ఒకరు వారం వారం వారిని కూర్చోబెట్టి కేసులు చర్చించే ఏర్పాటు ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

ఇది న్యాయస్థానాలకు తెలియని విషయమేమీ కాదు. తమిళనాడు అనాథాశ్రమాల్లో పిల్లల దోపిడీపై 2007లో మొదలైన కేసులో సుప్రీంకోర్టు 2017 మేలో తీర్పు ఇస్తూ, సంరక్షణ సంస్థలన్నీ రిజిస్టరు కావాలని, ప్రతి బిడ్డకూ ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక ఉండాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో జువెనైల్ జస్టిస్ చట్టం అమలుకు సంబంధించిన సంపూర్ణ బెహురా కేసులోనూ ఖాళీల భర్తీ గురించి, శిక్షణ గురించి అదే ధోరణిలో చెప్పింది. దేశంలో మొదటి చిల్డ్రన్ యాక్టు వచ్చింది కూడా ఇక్కడే, 1920 నాటి మద్రాసు చిల్డ్రన్ యాక్టు రూపంలో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. అంటే చట్టాల కొరత ఎన్నడూ లేదు, వాటిని నడిపే తర్ఫీదు పొందిన చేతులే చాలవు. మీ అమ్మాయి చదువు అవసరమా అని మీరు అడిగారు కాబట్టి ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది.

ఇక జీతం. మీరు విన్నది నిజమే, దాచను. అవే మార్గదర్శకాల ప్రకారం ప్రొటెక్షన్ ఆఫీసరుకు నెలకు 27,804 రూపాయలు, కౌన్సెలరుకు, సోషల్ వర్కరుకు 18,536 రూపాయలు. చాలావరకు కాంట్రాక్టు నియామకాలే. చెన్నై అద్దెలతో ఈ జీతం మీద ఒంటరిగా బతకడం కష్టం. మొదటి మూడు, నాలుగేళ్లు ఆమె మీ ఇంట్లోనే ఉండగలిగితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఆ అనుభవంతో స్వచ్ఛంద సంస్థలకు, ఆసుపత్రులకు, పాఠశాలల కౌన్సెలింగ్ విభాగాలకు మారే వీలుంటుంది. బాలల సంక్షేమ కమిటీ సభ్యత్వానికి సాధారణంగా పిల్లల రంగంలో కనీసం ఏడేళ్ల అనుభవం అడుగుతారు, కనుక అది ఇప్పుడు ఆలోచించవలసింది కాదు.

కాలేజీ ఎంపిక విషయంలో నా అభిప్రాయం ఒక్కటే: ఫీల్డ్‌వర్క్ చూసి చేర్చండి. మన దేశంలో వకీళ్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టుగా, పిల్లల రంగంలో పనిచేసే సోషల్ వర్కర్లందరికీ లైసెన్సు ఇచ్చే చట్టబద్ధమైన మండలి లేదు. అందువల్ల పట్టా పేరు అందరికీ ఒకటే అయినా వెనుక ఉన్న శిక్షణలో చాలా తేడా ఉంటుంది. ఎగ్మోరులో 1952 నుంచి నడుస్తున్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, లయోలా, స్టెల్లా మేరిస్ కాలేజీలు మీకు అందుబాటులోనే ఉన్నాయి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఎక్కడ అడిగినా వారానికి ఎన్ని రోజులు క్షేత్రంలో ఉంటారు, అధ్యాపకులు విద్యార్థి రాసిన కేసు రికార్డులను కూర్చుని దిద్దుతారా, పిల్లల సంస్థల్లో ప్లేస్‌మెంట్ ఉంటుందా అని అడగండి. దూరవిద్యలో ఈ పి.జి. చేయవద్దని నా సలహా. చదువుతో పాటు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న సంవాద్ కేంద్రం పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఇచ్చే శిక్షణలను కూడా ఆమె గమనిస్తూ ఉండాలి.

మీ అమ్మాయి విషయంలో నన్ను ఆలోచింపజేసింది భాష. బడిలో తమిళం చదివిందో లేదో మీరు రాయలేదు. 2021 చివరి నుంచి టి.ఎన్.పి.ఎస్.సి. (తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్) నియామకాల్లో పదో తరగతి స్థాయి తమిళ అర్హత పరీక్షలో 40 శాతం మార్కులు తప్పనిసరి చేశారు. ఆమె తమిళం మాట్లాడుతుందే గాని రాయలేకపోతే, శాశ్వత ఉద్యోగాల దారి అక్కడే ఆగిపోతుంది. నివేదికలు రాయడానికి కూడా అది తప్పదు. ఈ నెల నుంచే మొదలుపెట్టమనండి, ఏడాదిలో వచ్చేస్తుంది.

అదే సమయంలో ఆమె తెలుగును చిన్నచూపు చూడవద్దు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం నిబంధనల ప్రకారం జిల్లా బాలల పరిరక్షణ విభాగం దుబాసీల, అనువాదకుల రిజిస్టరు ఒకటి నిర్వహించాలి. బిడ్డ మాట్లాడే భాష, రాష్ట్ర అధికార భాష రెండూ తెలిసి, వాటిలో పట్టు ఉన్నవారు అందులో నమోదు కావచ్చు. మాతృభాష కావడం కూడా అందుకు అర్హతే. విజయవాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చే రైళ్లు సెంట్రల్ స్టేషన్‌లో ఆగే ఊరు ఇది. ఆ మామ్మ దగ్గరికి వెళ్తానన్న పాప మాట మొదటి రోజే అర్థం చేసుకోగల మనిషి మీ ఇంట్లోనే ఉంది. తమిళం రాయడం వచ్చిన తరువాత, డిగ్రీ పూర్తికాగానే విభాగానికి వెళ్లి నమోదు గురించి అడగమనండి.

చివరగా, మోకాళ్ల మీద నిలబెట్టిన ఆ పిల్లవాడి సంగతి. దాన్ని మీరు అమ్మాయి దిగులుకు కారణంగా మాత్రమే ప్రస్తావించారు, కాని సంరక్షణ గృహంలో పిల్లలకు శారీరక శిక్ష విధించడం జువెనైల్ జస్టిస్ చట్టం కింద నేరం. ఇప్పటికి నెలలు గడిచినా తెలియజేయవచ్చు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు, లేదా తేదీ, సమయం, తాను కళ్లారా చూసినది మాత్రమే రాసి జిల్లా బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వవచ్చు. పిల్లవాడి పేరు గానీ, ఆనవాళ్లు గానీ ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా, వాట్సాప్ గ్రూపుల్లో కూడా, బయటపెట్టకూడదు. ఆ రాతలో ఆమెకు సాయం కావాలంటే శనివారం సాయంత్రం నా దగ్గరికి తీసుకురండి, ముగ్గురం కూర్చుని రాద్దాం.