మొదటి పిక్ ఎవరికి? తమ్ముడి కొడుక్కి ఒక ఉత్తరం

చి. బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఇంటినిండా చుట్టాలున్నారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడితే చాలు, మీ డాలస్ రూమ్మేట్లు తలా ఒక కుర్రాణ్ణి వెనకేసుకొచ్చి అర్ధరాత్రి దాటేదాకా వాదించుకుంటారనీ, అందులో ప్రతిసారీ నీ మాటే తేలిపోతోందనీ అన్నావు. "పెదనాన్నా, మొదటి పిక్, అదే మొదటి వంతు, ఎవరికివ్వాలో తేల్చడానికి పద్ధతంటూ ఏమైనా ఉందా?" అని అడిగావు. నా మటుకు ఉందనే అంటాను. పోర్ట్‌లాండ్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నవాణ్ణి, ఈ ప్రశ్న తప్పించుకుని ఇక్కడ బతకలేం. బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళెవరితో మాట కలిపినా కాసేపటికి 1984 వస్తుంది, దాని వెనకాలే 2007 వస్తుంది.

జనం ఆ రెండింటినీ ఒకే గాట కట్టేస్తారు. రెండుసార్లూ మా పోర్ట్‌లాండ్ జట్టు బ్లేజర్స్ వాళ్ళు బుట్ట దగ్గర ఆడే పొడుగాటి సెంటర్‌ని తీసుకున్నారు, రెండుసార్లూ అతని కాళ్ళు దెబ్బతిన్నాయి, ఒకసారి మైకేల్ జోర్డన్ చేజారాడు, ఇంకోసారి కెవిన్ డురాంట్ చేజారాడు, అంతే కదా అంటారు. నేను ఒప్పుకోను. ఆ రెండు నిర్ణయాలకీ ఉన్న తేడా నీకు అర్థమైతే ఈ ఉత్తరంలో మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

1984లో హ్యూస్టన్ మొదటి పిక్‌తో హకీమ్ ఒలాజువాన్‌ని తీసుకుంది. రెండో పిక్ బ్లేజర్స్‌ది. అంతకుముందు ఏడాదే 14వ పిక్‌లో బంతి నడిపే, బయటినుంచి షూట్ చేసే గార్డ్ క్లైడ్ డ్రెక్స్‌లర్ వచ్చాడు. ఆల్‌స్టార్ స్థాయి గార్డ్ జిమ్ పాక్సన్ అప్పటికే జట్టులో ఉన్నాడు. కాబట్టి ఇంకో గార్డ్ ఎందుకు, మనకి కావాల్సింది సెంటరే అనుకుని కెంటకీ యూనివర్సిటీ నుంచి సామ్ బౌయీని తెచ్చుకున్నారు. మూడో పిక్‌లో షికాగోకి జోర్డన్ దొరికాడు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టు కోచ్ బాబ్ నైట్, జోర్డన్‌ని తీసుకోమని పోర్ట్‌లాండ్ వాళ్ళకి గట్టిగా చెప్పాడనీ, మాకు సెంటర్ కావాలని వాళ్ళంటే అతన్నే సెంటర్‌గా ఆడించండి అన్నాడనీ ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెద్ద సెంటర్ ఉంటేనే కప్పు అని నమ్మిన కాలం అది. ఆ నమ్మకం గుడ్డిదని నేననను, 1977లో ఈ జట్టుకి వచ్చిన ఒకే ఒక్క టైటిల్ బిల్ వాల్టన్ అనే సెంటర్ చలవే. కానీ బౌయీ కాలేజీలో ఉండగానే ఎడమ కాలి ఎముక విరిగి రెండు సీజన్లు పూర్తిగా ఆటకి దూరమయ్యాడు. ఇది దాపరికమేమీ లేని సంగతి, అప్పట్లో పేపరు చదివేవాళ్ళందరికీ తెలుసు. జట్టు డాక్టర్లు పరీక్షించినప్పుడు లోపల నొప్పి ఉన్నా లేదని చెప్పానని బౌయీయే చాలా ఏళ్ళ తర్వాత బయటపెట్టాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను, ఇరవై మూడేళ్ళ వయసులో జీవితమంతా ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటే ఎవరైనా ఏం చెప్తారు? కాకపోతే జట్టుకి అతని మాట మీద ఆధారపడే అవసరం లేదు. పోగొట్టుకున్న రెండు సీజన్లు కళ్ళముందే ఉన్నాయి. మొదటి ఏడాది 76 ఆటలు ఆడాడు, తర్వాతి నాలుగేళ్ళలో పోర్ట్‌లాండ్‌కి అన్నీ కలిపి 63 ఆడాడు.

ఇప్పుడు 2007కి రా. ముందు వంతులు ఏ జట్లకో తేల్చే లాటరీలో పోర్ట్‌లాండ్‌కి మొదటి పిక్ వచ్చే అవకాశం 5.3 శాతం, అయినా వచ్చింది. ఒకపక్క ఒహాయో స్టేట్ సెంటర్ గ్రెగ్ ఓడెన్, ఇంకోపక్క టెక్సస్ నుంచి డురాంట్. ఓడెన్ కుడి మణికట్టుకి ఆపరేషన్ అయి ఆ సీజన్‌లో కొన్నాళ్ళు ఎడమ చేత్తో ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి ఇచ్చే షాట్లు) వేశాడు. నేషనల్ ఫైనల్లో ఫ్లోరిడా మీద 25 పాయింట్లు, 12 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల నుంచి పట్టిన బంతులు) తెచ్చాడు. డురాంట్ ఆటకి సగటున 25.8 పాయింట్లు, 11.1 రీబౌండ్లతో, కాలేజీ మొదటి ఏడాదిలోనే దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు అనిపించుకున్నాడు. జట్టులో అప్పటికే బ్రాండన్ రాయ్, లామార్కస్ ఆల్డ్రిడ్జ్ ఉన్నారు, ఈ ఇద్దరిలో ఎవరొచ్చినా ఇమిడిపోయేవాళ్ళే. అంటే ఇక్కడ అవసరం ప్రతిభని పక్కకి నెట్టెయ్యలేదు. కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేసే స్కౌట్లలో ఎక్కువమంది ఓడెన్ పేరే ముందు చెప్పారు. ఆ సెప్టెంబరులో అతని కుడి మోకాలికి మృదులాస్థిని బాగుచేసే మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్ జరిగింది, మొదటి సీజన్ మొత్తం పోయింది, చివరికి పోర్ట్‌లాండ్‌కి ఆడింది 82 ఆటలే. మామూలుగా అది ఒక్క సీజన్ లెక్క.

నా తీర్పు అడిగితే 1984లో ఆలోచనే తప్పు. 2007లో ఆలోచన సబబైనదే, అదృష్టం తిరగబడింది. మన చేతిలో ఉన్నది ఆలోచన ఒక్కటే కాబట్టి వాదన దాని మీదే జరగాలి. నీ రూమ్మేట్లలో ఎవరైనా "డురాంట్‌ని వదిలేసిన దద్దమ్మలు" అంటే ఒక్కటే అడుగు: ఆ జూన్ నెలలో నువ్వైతే ఏ ఆధారంతో డురాంట్ అనేవాడివి? అతను మంచి ఆధారం చూపిస్తే తలవంచి విను. అలాంటి ఆధారం లేకపోలేదు, డురాంట్ అంకెలు చూసి అతన్నే తీసుకోమన్నవాళ్ళు అప్పుడే ఉన్నారు. "తర్వాత ఎమ్‌వీపీ (లీగ్‌లో ఆ ఏడాది మేటి ఆటగాడు) అయ్యాడు కదా" అని మాత్రం అంటే, అక్కడ వాదన లేనట్టే.

హ్యూస్టన్ సంగతి కూడా చూడు. జోర్డన్‌ని వద్దనుకున్నవి రెండు జట్లు. ఒలాజువాన్ 1994, 1995లో రెండు టైటిళ్ళు తెచ్చాడు కాబట్టి హ్యూస్టన్‌ని ఎవరూ ఏమీ అనరు. సెంటర్‌ని తీసుకోవడమే పాపమైతే రెండూ పాపమే కావాలి.

ఇక నీకు పనికొచ్చే పద్ధతి చెప్తాను. ఎవరు ఒకటి, ఎవరు రెండు, ఎవరు మూడు అని వరస పెట్టకముందే కుర్రాళ్ళని ప్రతిభని బట్టి మెట్లుగా విడగొట్టు. ఒక మెట్టు మీద ఇద్దరే ఉండొచ్చు, నలుగురు ఉండొచ్చు, ఒక్కో ఏడాది ఒక్కడే ఉంటాడు. 2023లో విక్టర్ వెంబన్యామా ఒక్కడిదీ ఒక మెట్టు, అతని విషయంలో శాన్ ఆంటోనియో అవసరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. మెట్టు మారేచోట జట్టు అవసరం అనే మాటే ఎత్తకు. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళ మధ్య తేల్చుకోవాలంటే అప్పుడు అవసరం చూడొచ్చు, చూడాలి కూడా. అదే ఏడాది రెండో పిక్‌లో షార్లెట్ దగ్గర లమెలో బాల్ అనే గార్డ్ ఉన్నాడు, వాళ్ళు ఇంకో గార్డ్ స్కూట్ హెండర్సన్‌ని వదిలేసి బ్రాండన్ మిల్లర్‌ని తీసుకున్నారు. మూడో పిక్‌లో మా జట్టు స్కూట్‌ని తీసుకుంది, లిలార్డ్, సైమన్స్, షార్ప్ ఇంతమంది గార్డ్‌లు ఉన్నా సరే. మిల్లర్ మొదటి ఏడాదే కొత్త ఆటగాళ్ళలో మేటి ఐదుగురిని ఎంచే ఆల్ రూకీ మొదటి జట్టులోకి వెళ్ళాడు, స్కూట్ షూటింగ్ తడబడింది. "ఇంకేం, అవసరం చూసినవాళ్ళే గెలిచారు కదా" అని నీతో ఎవరో ఒకరు అంటారు. ఆ ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళు. అక్కడ షార్లెట్ చేసింది సబబే, నేను చెప్పేదానికి అది అడ్డు రాదు.

అవసరాన్ని వెనక్కి పెట్టమనడానికి ఒక లెక్క ఉంది. మొదటి రౌండ్ కుర్రాడి కాంట్రాక్టు నాలుగేళ్ళది, రెండేళ్ళు ఖాయం, తర్వాతి రెండేళ్ళూ జట్టు ఇష్టం. బాగా ఆడితే ఆ తర్వాత కూడా అతన్ని అట్టేపెట్టుకునే వీలు జట్టుకే ఎక్కువ. అంటే దశాబ్దానికి దగ్గరగా వచ్చే మనిషిని ఎంచుకుంటున్నారు. ఈ అక్టోబరులో ఎవరు ఏ స్థానంలో ఆడతారన్నది అన్నేళ్ళు నిలవదు. 2023 జూన్‌లో స్కూట్ వచ్చాడు, జులై మొదట్లోనే లిలార్డ్ వేరే జట్టుకి ట్రేడ్ కావాలన్నాడు, సీజన్ మొదలయ్యేసరికి మిల్వాకీలో ఉన్నాడు. లిలార్డ్ ఉన్నాడని గార్డ్‌ని వద్దనుకుని ఉంటే ఏమయ్యేదో నువ్వే ఊహించుకో.

కుర్రాణ్ణి చూడటంలో నేను ముందు అడిగేది, ఎవరి మీద ఆడాడు అని. 2018లో లూకా డాన్చిచ్ పందొమ్మిదేళ్ళకే రియల్ మాడ్రిడ్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచి ఆ లీగ్ ఎమ్‌వీపీ అయ్యాడు. ముప్పై ఏళ్ళ ప్రొఫెషనల్స్ మీద ఆడి గెలిచినవాడు. అయినా పరుగులో వేగం లేదని, ఒళ్ళు బరువని సందేహాలు చెప్పారు. ఫీనిక్స్ కొత్త కోచ్ ఇగోర్ కోకోష్కోవ్ అంతకుముందు ఏడాదే స్లొవేనియా జట్టుకి కోచ్‌గా లూకాతో యూరప్ దేశాల పోటీ యూరోబాస్కెట్ గెలిచినవాడు, అతన్ని దగ్గరగా ఎరిగినవాడు. అయినా ఫీనిక్స్ మొదటి పిక్‌తో ఆరిజోనా సెంటర్ డియాండ్రే ఎయ్టన్‌ని తీసుకుంది. రెండో పిక్‌లో శాక్రమెంటో మార్విన్ బాగ్లీని తీసుకుంది. మూడో పిక్‌తో అట్లాంటా లూకాని తీసుకుని మీ డాలస్‌కి ఇచ్చేసింది. ఎయ్టన్‌తో ఫీనిక్స్ 2021లో ఫైనల్స్ దాకా వెళ్ళింది కాబట్టి అది ఉత్తి దండగ పిక్ అనడం అన్యాయం. కానీ ఆ రోజు కళ్ళకి కనబడుతున్న సాక్ష్యం లూకా వైపే బలంగా ఉంది. దూకే ఎత్తుకి విలువిచ్చి, పెద్దవాళ్ళ మీద గెలిచిన ఆటని తక్కువచేశారు. 1984కి చెప్పిన మాటే దీనికీ చెప్తాను, ఇది ఆలోచనలో లోపం.

రెండోది ఫ్రీ త్రోలు. కాలేజీ సీజన్‌లో త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేసేది తక్కువ, ఆ శాతం ఊగుతూ ఉంటుంది. ఫ్రీ త్రోలో అడ్డమెవరూ ఉండరు కాబట్టి చేతి నాణ్యం అందులో బాగా తెలుస్తుంది. 2017లో మార్కెల్ ఫుల్ట్స్ త్రీలు 41 శాతం, ఫ్రీ త్రోలు 65 శాతం వేశాడు. జేసన్ టేటమ్ త్రీలు 34 శాతమే, ఫ్రీ త్రోలు మాత్రం 85 శాతం. బోస్టన్ మొదటి పిక్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో పిక్‌తో పాటు తర్వాతి ఏళ్ళకి ఇంకో మొదటి రౌండ్ పిక్ కూడా తీసుకుని, టేటమ్‌ని తెచ్చుకుంది. ఫిలడెల్ఫియా ఫుల్ట్స్‌ని తీసుకుంది. ఇక్కడ కొంచెం నిదానించు. ఫుల్ట్స్ షాట్ చెడిపోవడానికి భుజం దగ్గర నరాల జబ్బు కారణమని తర్వాత డాక్టర్లు చెప్పారు, దాన్ని ఫ్రీ త్రో శాతం ముందే చెప్పిందని నువ్వు అనకు. టేటమ్ షూటింగ్ మీద నమ్మకం పెట్టుకోవచ్చని మాత్రం ఆ 85 చెప్పింది. అంకె ఎంతవరకు చెప్తే అంతవరకే వాడుకో, అప్పుడే నీ మాట నిలుస్తుంది.

బలం కొలిచే పరీక్షలకి పెద్ద విలువ ఇవ్వకు. 2007 డ్రాఫ్ట్ ముందు డురాంట్ 185 పౌండ్ల బరువుని బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. చేతుల పొడవు, కొలిచిన ఎత్తు, వయసు, ఇవి పనికొస్తాయి. గాయాల చరిత్ర అన్నిటికంటే ముందు చూడు.

వాదించేటప్పుడు డ్రాఫ్ట్‌కి వారం ముందే నీ మెట్లూ, నీ కారణాలూ ఒక కాగితం మీద రాసి తేదీ వెయ్యి, రూమ్మేట్లతో కూడా రాయించు. రాసి ఉంటే, నేనప్పుడే చెప్పాను అనే మాట ఎవరి నోటా ఊరికే రాదు. ఖాయంగా స్టార్ అవుతాడు అనకు. ఎంత ఎత్తుకి వెళ్ళగలడు, అక్కడికి చేరే అవకాశం ఎంత, చేరకపోతే ఎలాంటి ఆటగాడిగా మిగులుతాడు, ఈ మూడూ విడివిడిగా చెప్పు. సగం గొడవలు ఒకడు మొదటిదాని గురించీ ఇంకొకడు మూడోదాని గురించీ మాట్లాడుతుండటం వల్లే వస్తాయి. ఎదుటివాణ్ణి కూడా "ఏం చూస్తే నీ మాట మార్చుకుంటావ్?" అని అడుగు. ఏం చూసినా మార్చుకోనంటే అతనితో ఆట చూడు, వాదన పెట్టుకోకు.

ఒక్క విషయంలో మాత్రం నువ్వు నా మాట వినాల్సిందే. ఫోన్లో నువ్వు ఓడెన్‌ని "బస్ట్", అంటే ఉత్తి దండగ ఆటగాడు, అన్నావు, నాకు బాధనిపించింది. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, మోకాళ్ళు సహకరించలేదు. తాగుడుకీ డిప్రెషన్‌కీ లోనయ్యానని తనే చెప్పుకున్నాడు. తర్వాత ఒహాయో స్టేట్‌కి వెళ్ళి 2019లో డిగ్రీ పూర్తి చేశాడు, ఆ తర్వాత కాలేజీ బాస్కెట్‌బాల్‌లోనే పనిలో చేరాడు. జట్టు నిర్ణయాన్ని ఎంతైనా చీల్చి చెండాడు, అది వాళ్ళ ఉద్యోగం, జీతం తీసుకుని చేసే పని. ఎముకలు విరిగిన పిల్లల్ని ఆ మాట అనకు. మీ ఇంట్లో ఇంకెవరైనా అన్నా ఆపు.

డాలస్ వాళ్ళకి 2025లో 1.8 శాతం అవకాశంతో లాటరీ తగిలి కూపర్ ఫ్లాగ్ వచ్చాడు, ఆ ఏడాది మీకు వాదించుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. ప్రతి ఏడాదీ అలా ఉండదు. ఈసారి నీ కాగితం రాశాక ఫోటో తీసి నాకు పంపు, మెట్లు ఎక్కడ విడగొట్టావో చూస్తాను. ఫోన్ చేసేటప్పుడు మాకు మీకంటే రెండు గంటలు వెనక అని గుర్తుపెట్టుకో, రాత్రి పదకొండైనా ఫర్వాలేదు, మెలకువగానే ఉంటాను. అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న